నాలుగు గంటల డబ్బా

జూలై 2

ఈ రోజు మధ్యాహ్నం నన్ను కన్న అవ్వ సుమిత్రమ్మ గారు నిజామాబాద్ ఆసుపత్రి నుండి బోధన్‌లోని స్వగృహానికి వేంచేశారు. స్వగృహం అంటే అద్దె ఇల్లు. వెంట ఒక యంత్రాన్ని తెచ్చుకున్నారు. గదిలోని గాలిని పీల్చి, అందులోంచి ఆక్సిజన్‌ను ఏరి, సన్నటి గొట్టంలో ముక్కుకు పంపుతుంది. మోకాలెత్తు, అడుగున చక్రాలు, లోపల గురక. బాపు గురకతో పోల్చి చూశాను. ఇప్పటికైతే బాపుదే పైచేయి.

చిన్నప్పటి నుండి బీడీలు చుట్టిన ఊపిరితిత్తులు అవి. ఒక్క బీడీ తాగలేదు, చుట్టింది అంతే. డాక్టర్ ఎక్స్‌రే చూపిస్తూ తంబాకు దుమ్ము గురించి చెప్పాడు. యంత్రం ఆగకుండా చూసుకోమన్నాడు. ఆగితే ఏమవుతుందని అడిగాను. ఆయన నా వైపు కాకుండా బాపు వైపు చూసి, ఆగొద్దు, అన్నాడు.

డిచ్‌పల్లిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన మనిషికి ఇచ్చే జవాబు కాదది. కానీ మళ్లీ అడగలేదు.

జూలై 4

పొద్దున కరెంటు పోయింది.

మా వాడకు ఇది పండుగలాంటిది, నెలకు నాలుగైదు సార్లు వస్తుంది. ఇన్నాళ్లూ కరెంటు పోతే చెమట, దోమలు, పక్కింటి వాళ్ల కబుర్లు. ఈసారి ముందు గురక ఆగింది. ఆ వెంటనే యంత్రం కీచుమని అరిచింది. అవ్వ వేలికి ఆక్సిజన్ శాతం చూపే క్లిప్ పెట్టాను. తొంభై రెండు. మాట్లాడొద్దన్నాను. తొంభై. ఎనభై ఏడు. చేద బావిలోకి జారినట్టు అంకె జారుతోంది, తాడు నా చేతిలో లేదు.

బాపు బయటికి వెళ్లి కరెంటు స్తంభం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. వేరే రోజైతే ఆ దృశ్యానికి ఫోటో తీసి బంధువులందరికీ పంపేదాన్ని.

ఎనభై నాలుగు దగ్గర లైటు వెలిగింది. అవ్వ కాసేపు ఆయాసపడి, నువ్వు చాయ్ తాగినవా, అని అడిగింది. చాయ్ పెట్టడానికని లేచి చాలాసేపు చక్కెర డబ్బా వెతికాను. చక్కెర డబ్బా నా ముందే ఉంది.

జూలై 5

విషయం: విద్యుత్ లేని సమయంలో సుమిత్రమ్మ గారి శ్వాస. పరిశోధకురాలు: కుమారి సంజన.

ఇన్వర్టర్ పెట్టించాలంటే ఇంటి ఓనరు వైరింగ్ ముట్టనివ్వడు. పెట్రోలు జనరేటర్ పొగ ఈ ఇంట్లో పనికిరాదు. మిగిలింది సోలార్ జనరేటర్. పేరు గొప్పది కానీ చూస్తే పిడి ఉన్న ఒక బ్యాటరీ డబ్బా, దానికి మడతపెట్టే పలక. పలకను ఎండలో పరిస్తే డబ్బా నిండుతుంది. గోడ ప్లగ్గు నుండీ నింపుకోవచ్చు.

వీడియోలు చూశాను. అన్నింటిలోనూ గడ్డం పెంచిన అబ్బాయిలు కొండ మీద గుడారం వేసుకుని ఆ డబ్బాతో కాఫీ కాచుకుంటున్నారు. డబ్బా అయిపోతే వాళ్లకు పోయేది కాఫీ. ఎంత పెద్ద డబ్బా కొనాలన్న మాట మాత్రం అందరూ ఒకేలా చెప్పారు. మీ సామాను ఎన్ని వాట్లు లాగుతుందో చూడండి, డబ్బా ఎన్ని వాట్-అవర్లు పట్టుకుంటుందో చూడండి, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి.

అవ్వ యంత్రం గురించి ఒక వెబ్‌సైట్‌లో చదివాను, సుమారు రెండు వందల యాభై వాట్లట. మేము మోయగలిగిన, కొనగలిగిన డబ్బా వెయ్యి వాట్-అవర్లది. భాగిస్తే నాలుగు.

బాపు ఆటో కడుగుతున్నాడు. ఎంతసేపు నడుస్తుందని అడిగాడు. నాలుగు గంటలు అన్నాను. ఎండ ఉంటే పలక నుండి నిండుతూనే ఉంటుంది కాబట్టి రోజంతా, అన్నాను. ఆయన ముఖం విప్పారింది. అంత విప్పారిన ముఖాన్ని చూశాక "సుమారు" అన్న మాట చెప్పబుద్ధి కాలేదు.

జూలై 9

డబ్బా వచ్చింది. పక్కింటి గోదావరత్త పసుపు కుంకుమ పెట్టింది, నిమ్మకాయ దిష్టి తీసింది. ఈమె, అవ్వ చిన్నప్పటి నుండి పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టినవాళ్లు. బాపు కొబ్బరికాయ కొట్టాడు. పలక మీది ప్లాస్టిక్ పొర తీయబోతే గీతలు పడతాయని బాపు ఒప్పుకోలేదు. ఎండ ప్లాస్టిక్‌లోంచి పోదా, అని నన్నే అడిగాడు. ఫిజిక్స్ ఓడిపోయింది. ఆయన పడుకున్నాక నేనే పీకేశాను.

ఇంట్లో మంచి మూల దానికే ఇచ్చారు. పసుపు కుంకుమలు అందాయి, మర్యాదలు జరిగాయి, ఎవరూ పని చెప్పే ధైర్యం చేయడం లేదు. కాబట్టి దానికి అల్లుడు అని పేరు పెట్టాను. అవ్వ చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

తర్వాత మీటలు నొక్కి చూస్తుంటే డబ్బా కూత పెట్టింది. అవ్వ బెదిరిపోయింది. బెదిరితే ఊపిరి ఇంకా చిన్నదవుతుంది. అందుకని గంభీరంగా ఒక ప్రకటన చేశాను. అల్లుడన్నాక అరుస్తాడు, అలుగుతాడు, అత్తగారింట్లో అది మామూలే, ఎవరూ పట్టించుకోవద్దు. గోదావరత్త పొట్ట పట్టుకుని నవ్వింది.

రేపు అల్లుడికి పరీక్ష. యంత్రాన్ని తగిలించి ఎంతసేపు నడుస్తుందో గడియారం పెట్టి చూడాలి.

జూలై 10

పరీక్ష కోసం యంత్రాన్ని గోడ నుండి ముందుకు లాగాను. వెనకాల స్టిక్కర్ ఉంది. వెబ్‌సైట్ ఒక అంకె చెప్పింది, స్టిక్కర్ వేరే అంకె చెబుతోంది.

అవ్వ అప్పుడే కునుకు తీసింది. లేపడం ఎందుకని యంత్రాన్ని మళ్లీ గోడకు జరిపాను.

జూలై 11

పరీక్ష కుదరలేదు. చుట్టాలు చూడడానికి వచ్చారు.

జూలై 12

రేపు తప్పకుండా.

జూలై 14

ఈ రోజూ చేయలేదు. కారణాలు ఉన్నాయి. రాయబోతే చెయ్యి రావడం లేదు.

ఒక్కటి మాత్రం నిజం. పరీక్ష పెట్టనంత కాలం అది నాలుగు గంటల డబ్బానే.

జూలై 16

ముసురు పట్టింది. మేడ మీద పలక పరిచి, గొడుగు పట్టుకుని పక్కన కూర్చున్నాను. పలకకూ నాకూ మధ్య ఎవరికి గొడుగు అవసరమో తేలలేదు. డబ్బా మీద అంకె చూస్తే సూర్య భగవానుడు పద్నాలుగు వాట్లు ప్రసాదించాడు. దాంతో ఒక ఫోను నిండుతుంది. బాపు కింది నుండి, ఎక్కుతున్నదా, అని అడిగాడు. ఎక్కుతోంది అన్నాను. అబద్ధం కాదు.

దించి గోడ ప్లగ్గుకు పెట్టాను. నిండింది.

గోదావరత్త ఇప్పుడు రోజూ మా ఇంట్లోనే చుట్టుకుంటోంది. అవ్వకు తోడు. తంబాకు చాట వరండా దాటి లోపలికి రావద్దని ఉత్తర్వు జారీ చేశాను. ఇద్దరూ తల ఊపారు. ఆమె గోడు ఆమెది. ముసురుకు చుట్టిన బీడీలు చెమ్మగిల్లుతున్నాయి, కార్ఖానాలో చూసి తీసుకునే మనిషి మెత్తబడ్డవన్నీ పక్కకు విసిరేస్తున్నాడు. రోజు కష్టం నేలపాలు. అవ్వ తనవే విసిరేసినట్టు బాధపడింది.

జూలై 19

రాయాలి. వరుసగా రాయాలి.

మధ్యాహ్నం భోజనాలప్పుడు గాలివాన. కరెంటు పోయింది. యంత్రం వైరు తీసి డబ్బాకు తగిలించాను. గురక మళ్లీ మొదలైంది. అవ్వ బొటనవేలు చూపించి మెచ్చుకుంది. క్లిప్ తొంభై ఒకటి.

డబ్బా మీద ఇంకా ఎంతసేపు వస్తుందో చూపించే అంకె ఉంటుంది. రెండు గంటల చిల్లర చూపించింది. నాలుగు కాదు. చూశాను. మొదట్లో అలాగే చూపిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది, అనుకున్నాను. ఏ సూత్రం ప్రకారం సర్దుకుంటుందో నన్ను నేను అడగలేదు.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. బాపు ఆటోతో ఎడపల్లి వైపు వెళ్లాడు, ఆయన ఫోనూ కలవలేదు. లైను ఎప్పుడు వస్తుందో కనుక్కుందామని గోదావరత్తను అవ్వ దగ్గర కూర్చోబెట్టి నడిచి వెళ్లాను. చింత కొమ్మ తీగల మీద పడిందట. సాయంత్రం కావచ్చన్నారు, కాకపోవచ్చన్నారు.

తిరిగి వచ్చి చెప్పులు విడుస్తుంటే తెలిసింది. గురక లేదు.

కీచుమనే అరుపు ఉంది. డబ్బా కూత కూడా ఉంది. రెండూ కలిసి అరుస్తున్నాయి. గోదావరత్త అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని తాపీగా బీడీలకు దారం చుడుతోంది. నన్ను చూసి నవ్వింది.

"మీ అల్లుడు అలిగిండు పిల్లా. ఇందాకటి సంది ఒకటే లొల్లి."

అవ్వ కళ్లు మూసుకుని ఉంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. క్లిప్ పెట్టాను. డెబ్బై తొమ్మిది.

డబ్బా రెండు పక్కలా జాలీలు ఉంటాయి, ఒక పక్క నుండి గాలి పీల్చుకుని ఇంకో పక్క వేడి గాలి వదులుతుంది. రెండు పక్కలా రెండు చాటలు ఆనించి ఉన్నాయి, వాటి నిండా బీడీలు. పైన ఒక తుండుగుడ్డ, దాని మీద కూడా బీడీలు. వెచ్చటి గాలి ఊరికే పోతోందని, అక్కడ పెడితే ఆరుతాయని చెప్పింది అవ్వేనట. ఊపిరాడని డబ్బా వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది.

చాటలు లాగేశాను. బీడీలు గదంతా చెల్లాచెదురయ్యాయి. మీట నొక్కాను. వెలగలేదు, చల్లబడాలి. మళ్లీ నొక్కాను. వెలగలేదు. అప్పుడు ఒక చాట గోదావరత్త చేతికిచ్చి, ఇంకోటి నేను తీసుకుని, ఇద్దరం విసిరాం. అవ్వకు కాదు. డబ్బాకు. అవ్వ నోరు తెరుచుకుని గాలి కోసం లాగుతుంటే మేమిద్దరం ఆమెకు వీపు పెట్టి ఒక డబ్బాకు విసురుతున్నాం.

ఎంతసేపో తెలియదు. క్లిప్ వైపు నేను చూడలేదు.

డబ్బా వెలిగింది. గురక వచ్చింది. అంకె చాలాసేపు కదల్లేదు, తర్వాత ఒక్కొక్కటిగా ఎక్కింది. ఎనభై ఐదు దాటాక అవ్వ కళ్లు తెరిచి, నేల వైపు చూసి, నాకు వినపడీ వినపడనట్టు అడిగింది.

"ఆరినయా?"

గోదావరత్త కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

డబ్బా పూర్తిగా అయిపోకముందే కరెంటు వచ్చింది. కొద్దిగానే ముందు. బాపుకు ఇంకా చెప్పలేదు. తప్పు చాటలది.

జూలై 20

చాటలది కాదు. అరుపు వినబడితే పట్టించుకోవద్దని చాటలు చెప్పలేదు.

గోదావరత్త రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆమె బీడీలు చుట్టడం లేదు, గోడకు ఆనుకుని ఊరికే కూర్చుంది. నేను మాట్లాడే లోపే తనే మొదలుపెట్టింది. ఇంత వయసొచ్చి గీ మాత్రం తెల్వకపాయె, అని. నీ తప్పు కాదత్తా అని చెప్పడానికి వెళ్లిన మనిషిని, ఆమె ఏడుస్తుంటే నేనూ ఏడ్చి వచ్చాను. చెప్పాల్సింది మాత్రం చెప్పాను. ఇకమీదట ఏది అరిచినా లేచి నిలబడాలి, నన్ను పిలవాలి. అల్లుడు అనే పేరు రద్దు.

జూలై 21

బాపుకు చెప్పాను. సగం. చాటల సంగతి, ఆగిపోయిన సంగతి. ఆయన అవ్వ మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. ఇక చాటలు పెట్టరు కాబట్టి నాలుగు గంటలకు ఢోకా లేదు కదా, అన్నాడు.

అవునన్నాను. ఎందుకన్నానో.

జూలై 22

యంత్రాన్ని ముందుకు లాగాను. స్టిక్కర్ మీద మూడు వందల డెబ్బై వాట్లని ఉంది. ఇది నాకు పదో తారీఖు నుండి తెలుసు. ఆ రోజు ఇక్కడ అంకె రాయకపోవడం కూడా తెలిసే చేశాను. ఈ నోట్‌బుక్ నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరి నుండి దాచానో.

వెయ్యిని మూడు వందల డెబ్బైతో భాగిస్తే మూడు కూడా రాదు. అది కాగితం మీద. బ్యాటరీ కరెంటును గోడ కరెంటుగా మార్చడానికి డబ్బా తన వాటా తాను తింటుంది. ఎంత తింటుందో గడియారం పెట్టి చూస్తే తప్ప తెలియదు.

బాపు దోస్తు నాగేందరన్న అంబులెన్స్ నడుపుతాడు. అతన్ని అడిగి రేపు మధ్యాహ్నానికి ఒక చిన్న ఆక్సిజన్ సిలిండర్ మాట్లాడాను. సిలిండర్ అవ్వకు, యంత్రం డబ్బాకు.

జూలై 23

నాగేందరన్న సిలిండర్ పెట్టి, అవ్వ ముక్కుకు గొట్టం సర్ది, ఏమక్కా ఎట్లున్నవ్, అని పలకరించి మంచం పక్కనే కూర్చున్నాడు. యంత్రాన్ని డబ్బాకు తగిలించి గడియారం చూశాను. గోదావరత్త కూడా వచ్చి గడపలో కూర్చుంది, ఈసారి ఉత్త చేతులతో. పరీక్ష హాల్లో కూడా ఇంత భయపడలేదు. అక్కడ నాకు తెలియకపోతే ఫెయిలయ్యేది నేనే.

రెండు గంటల పది నిమిషాలకు గురక ఆగింది. గోదావరత్త లేచి నిలబడింది.

అవ్వకు గడియారం చూడటం రాదు. ఎంత వచ్చిందని అడిగింది. చెప్పాను. నాలుగని చెప్పింది నువ్వే కదా బిడ్డా, అంది, కోపంగా కాదు. మంచం మీద నా వైపు కొంచెం చోటు చేసింది. కూర్చున్నాను.

బాపు సాయంత్రం వచ్చి ఆటో అద్దం తుడుస్తున్నాడు. ఎదురుగా నిలబడి చెప్పాను. నాలుగు కాదు, రెండు. నాలుగు అనేది నాకు నచ్చిన అంకె. రెండని తెలిసి కూడా నీకు చెప్పలేదు. ఎండ సంగతి కూడా వానాకాలంలో మర్చిపో.

తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన అద్దం మీద ఒకే చోట చాలాసేపు తుడిచాడు. తర్వాత, డబ్బా, యంత్రం రెండూ ఆటోలో పడతాయా అని అడిగాడు. పడతాయన్నాను.

"నిజామాబాద్ దవాఖాన దాకా సాలుతదా మరి?"

వానలో, ఈ గుంతల్లో గంట పట్టవచ్చు. దారిలో ఆగాల్సి వస్తే ఇంకొంచెం.

"సాలుతది బాపు. కరెంటు పోయినంక అర్ధగంట సూద్దాం. రాకుంటే ఇంక సూసుడు లేదు, బయల్దేరుడే."

ఆయన గుడ్డ పిండి ఆటో హ్యాండిల్‌కు ఆరేశాడు. నా ముఖంలోకి చూడలేదు.

"సాలుతదని అనుకుంటున్నవా, సూసి చెప్తున్నవా?"

"సూసి చెప్తున్న."

జూలై 27

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. అవ్వ లోపల వార్డులో ఉంది, గోడ నుండి వచ్చే ఆక్సిజన్ పెట్టారు. అంకె తొంభై రెండు. ఇప్పుడే చూసి వచ్చాను. మళ్లీ చూడబోతే నర్సు కసిరింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. అర్ధగంట చూశాం. ఆ అర్ధగంటలో ఇంకొంచెం ఆగుదామని ముగ్గురికీ అనిపించింది, నాకు తెలుసు. వాన తగ్గినట్టే ఉంది, లైను వచ్చేస్తుందని వాడలో ఎవరో అన్నారు కూడా. బాపు నా వైపు చూశాడు. బయల్దేరుడే అన్నాను.

ఆటో వెనక సీట్లో అవ్వ, నేను. మా మధ్య యంత్రం, నా ఒళ్లో డబ్బా. జాలీలకు ఏదీ తగలకుండా రెండు మోచేతులూ దూరంగా పెట్టుకుని కూర్చున్నాను, కోడిపుంజులా. అవ్వకు చూపిస్తే నవ్వబోయి మానుకుంది. గుంత వచ్చినప్పుడల్లా యంత్రం గురకలో తేడా. తేడా వచ్చినప్పుడల్లా నా గుండెలో తేడా.

ఎడపల్లి దాటాక వాన అందుకుంది. బాపు వెనక్కి తిరగకుండా, ఎంత, అని అడిగాడు. డబ్బా మీద అంకె చూసి చెప్పాను, యాభై రెండు శాతం. కొంతదూరం పోయాక మళ్లీ అడిగాడు. నలభై నాలుగు. జానకంపేట దగ్గర గేటు పడింది. రైలు రాదు, గేటు లేవదు. వానలో ఆటో ఇంజను, యంత్రం, నా పళ్లు, అన్నీ కొట్టుకుంటున్నాయి. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

గేటు లేచింది.

"ఎంత?"

ఇరవై ఎనిమిది. నోటి దాకా నలభై వచ్చింది. ఆయన మెడ మీద నరం నాకు కనిపిస్తోంది, వానకు తడిసిన చొక్కా వీపుకు అతుక్కుని ఉంది, భయపెట్టడం ఎందుకు, ఇంక ఎంత దూరమని, నలభై అంటే ఆ భుజాలు కాస్త దిగుతాయి కదా అని.

"ఇరవై ఎనిమిది," అన్నాను.

బాపు హారన్ మీద చెయ్యి పెట్టి, ముందున్న ట్రాక్టర్‌ను దాటి, ఆటోను అంతకుముందు నేనెప్పుడూ చూడనంత వేగంగా పోనిచ్చాడు.